నెత్తిన ఐదు లైట్లు

ఆ శనివారం పొద్దున దైవాశీర్వాదం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కొత్తగా కొన్న పాత ట్రక్కును శుభ్రంగా కడగాలి. షాలేం రాజు వచ్చాక చర్చి కుర్చీలూ, స్పీకర్లూ, పెద్ద బిర్యానీ గిన్నే అందులోకి ఎక్కించాలి. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు బండి మీద చెయ్యి పెట్టి కృతజ్ఞతా ప్రార్థన చేస్తారు. సోమవారం అదే బండిలో ఇర్వింగ్ వెళ్ళి, అమెరికా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ముగించుకుని, మధ్యాహ్నానికి ఫ్రిస్కోలోని తన ఇంటికి చేరి పప్పన్నం తినాలి. ఇందులో భయపడాల్సిందేమీ లేదు. అయినా అతను రాత్రి నుంచీ భయపడుతూనే ఉన్నాడు.

భయపడటం అతనికి వృత్తిరీత్యా అబ్బింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ పని ఆపడు. స్టాప్ సైన్ దగ్గర బండి పూర్తిగా ఆపి, మనసులో ఒక చిన్న కీర్తన చరణం పాడుకుని గాని కదలడు. భార్య నవోమి నర్సు. ఇద్దరూ ఒకేసారి సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాల్సింది గాని, ఆవిడ ఫారం నింపి పంపేసి ఎప్పుడో ప్రమాణం కూడా చేసేసింది. ఇతను నింపిన ఫారంలో తప్పులున్నాయేమో సరిచూసుకుంటూ మరో ఏడాది గడిపాడు. కూతురు పర్సిస్ ఇక్కడే పుట్టింది. కాబట్టి ఆ ఇంట్లో విదేశీయుడు అతనొక్కడే. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల్లో ఒకటి అతన్ని నిద్రపోనివ్వడం లేదు: పోలీసులు మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, జరిమానా టికెట్ గాని ఇచ్చారా అని. ఇంతవరకూ అతని జవాబు లేదు అనే. సోమవారం దాకా ఆ 'లేదు'ని కాపాడుకుంటే చాలు.

ఇంత జాగ్రత్తపరుడు ట్రక్కెందుకు కొన్నాడు? చర్చి సామాన్లు మొయ్యడానికని అందరికీ చెప్పాడు. నిజానికి కారణం ట్రక్కు నెత్తిన ఉంది. కేబిన్ పైకప్పు ముందంచున, వరసగా ఐదు చిన్న లైట్లు, నారింజకీ పసుపుకీ మధ్య రంగులో. ఒక సాయంత్రం టోల్‌వే మీద అలాంటి ట్రక్కు తన పక్కనుంచి వెళ్తుంటే చూశాడు. ఈ దేశంలో అతను చేసిన ప్రతి పనికీ ఏదో ఒక రూలు కారణం. వీసా కోసం ఉద్యోగం మారలేదు, గ్రీన్ కార్డు కోసం ఊరు మారలేదు, స్కూలు కోసం ఇల్లు కొన్నాడు, కాలనీ అసోసియేషన్ కోసం గడ్డి కోశాడు. ఆ ఐదు లైట్లు చూసినప్పుడు మాత్రం, ఏ రూలూ లేకుండా, ఊరికే, అవి తనకి కావాలనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

అందుకే బండి ఇంటికి తెచ్చిన రోజు నవోమి, "నెత్తిమీద ఆ లైట్లెందుకండీ? పెళ్ళి ఊరేగింపుకా?" అని అడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "అది రూలు. పెద్ద బండికి ఉండాల్సిందే. లేకపోతే పట్టుకుంటారు," అనేశాడు. ఆవిడ నమ్మింది. భర్త మరెందులో తడబడినా రూళ్ళ విషయంలో తప్పు చెప్పడని ఆవిడ నమ్మకం.

ఇప్పుడు బండి కడిగి, మురిపెంగా లైట్ల స్విచ్ వేశాడు. నాలుగు వెలిగాయి. మధ్యది వెలగలేదు. స్విచ్ ఆపి మళ్ళీ వేశాడు. నాలుగే. పైకెక్కి దాన్ని వేలితో తట్టాడు. అది ఉలకలేదు, పలకలేదు.

కాఫీ కప్పుతో బయటికొచ్చిన నవోమి చూసింది. "ఒకటి పోయినట్టుందే?"

"పోతే పోయిందిలే. తర్వాత మార్పిద్దాం."

"తర్వాతేంటండీ? రూలన్నారుగా. ఉండాల్సినవి ఐదు అయితే, నాలుగే వెలిగితే రూలు తప్పినట్టేగా?"

దైవాశీర్వాదం గుడ్డతో బానెట్ మళ్ళీ తుడవసాగాడు. "అంటే... అంత ఖచ్చితంగా చూడరనుకో..."

"ఎల్లుండి ఇంటర్వ్యూ పెట్టుకుని, అంత ఖచ్చితంగా చూడరంటారా? మీరేనా మాట్లాడుతోంది?" అంది ఆవిడ, కాఫీ అతని చేతిలో పెట్టడం కూడా మర్చిపోయి.

అది నిజంగా రూలో కాదో అతనికే తెలియదు. రూలు కాదంటే భార్యకి అబద్ధం చెప్పినట్టు. రూలే అయితే పోలీసు టికెట్. రెండింట్లో ఏది మేలో తేల్చుకోలేక నిలబడి ఉండగా షాలేం రాజు వ్యాను వచ్చి వీధి వారన ఆగింది.

షాలేం రాజు చర్చిలో అందరికంటే ముందొచ్చి అందరికంటే ఆఖర్న వెళ్ళే మనిషి. ఎవరికి ఏ ఇబ్బందొచ్చినా తోడుగా నిలబడతాడు. ఆ ఇబ్బందిని కాస్త పెంచి మరీ నిలబడతాడని గిట్టనివాళ్ళు అంటారు.

"వందనాలు బ్రదర్! వందనాలమ్మా! ఏంటి, ఇద్దరూ అలా ఉన్నారు?"

నవోమి విషయం చెప్పింది. షాలేం రాజు ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు కట్టుకుని, గొంతు తగ్గించాడు.

"ఈ లైట్ల రూలు నాకు బాగా తెలుసు. బండి వెడల్పు ఎనభై అంగుళాలుగాని, అంతకు మించిగాని ఉంటే, ఇవి పెట్టుకోవాల్సిందే. ఐదూ వెలగాల్సిందే."

"ఎనభై లోపుంటే?" అని ఆశగా అడిగాడు దైవాశీర్వాదం.

"లోపుంటే అక్కర్లేదు. అక్కర్లేకపోయినా పెట్టుకున్నావనుకో... చిన్న బండి పెద్ద బండిలా నటిస్తున్నట్టు లెక్క. దాన్నేమంటారో తెలుసా? మిస్‌రిప్రజెంటేషన్. లేనిది ఉన్నట్టు చూపించి మోసం చెయ్యడం."

ఆ చివరి ముక్కలో నిజం లేదు. షాలేం రాజు అప్పటికప్పుడు కల్పించుకున్నది. కానీ ఇమిగ్రేషన్ కాగితాల్లో నలిగిన మనిషికి ఆ మాట ఒక్కటి చాలు.

"ముందు కొలుద్దాం," అన్నాడు దైవాశీర్వాదం.

ఇంట్లో దొరికింది నవోమి జాకెట్లు కొలుచుకునే టేపు ఒక్కటే. అది అరవై అంగుళాలతో ఆగిపోతుంది. అరవై దగ్గర షాలేం రాజు వేలు పెట్టాడు. అక్కణ్ణుంచి దైవాశీర్వాదం మళ్ళీ కొలిచాడు. ఒకసారి ఎనభై ఒకటి వచ్చింది. వేలు జరిగిందేమోనని మళ్ళీ కొలిస్తే డెబ్బై తొమ్మిది వచ్చింది. సైడు అద్దాలు కలిపి కొలిస్తే బండి ఒక్కసారిగా బస్సంత అయిపోయింది.

పర్సిస్ గరాజ్ గుమ్మంలో నిలబడి ఫోను చూస్తోంది. "డాడీ, ఇక్కడ రాసి ఉంది. మిర్రర్స్ కౌంట్ అవ్వవు. ఇంకా..."

"అమ్మా, ఆన్‌లైన్‌లో ఉన్నవన్నీ నమ్మకూడదు," అన్నాడు షాలేం రాజు. తనకి తెలిసిన రూళ్ళన్నీ వాట్సాప్‌లో వచ్చినవేనన్న సంగతి ఆయనకి అప్పుడు గుర్తు రాలేదు. "బ్రదర్, నా మాట విను. ఏ గొడవా లేకుండా లైట్లు పీకేద్దాం. నటనా ఉండదు, రూలూ ఉండదు."

పీకేద్దాం అన్న మాటకి దైవాశీర్వాదం మనసు చివుక్కుమంది. కానీ పైకి ఏమని చెబుతాడు? స్క్రూడ్రైవర్ అందించాడు. షాలేం రాజు నిచ్చెనెక్కి మొదట మధ్య లైటు పట్టాడు. అది రానని మొరాయించింది. ఆయన బలంగా లాగాడు. లైటు రెండు ముక్కలై చేతిలోకొచ్చింది. దాని కింద పైకప్పులో వేలు పట్టేంత కంత, అందులోంచి రెండు తీగలు బయటికి చూస్తున్నాయి.

"ఇదేంటి రాజుగారూ, కంత ఉంది!"

"లైటుకి తీగ రావాలంటే కంత ఉండదా మరి?"

"అంటే ఐదూ పీకితే ఐదు కంతలా?"

పడమటి వైపు అప్పుడే మబ్బు పట్టింది. టెక్సస్ వసంతకాలం మబ్బుని నమ్మడానికి లేదు. సోమవారం ఇంటర్వ్యూకి తడిసిన సీట్లో కూర్చుని, తడిసిన ప్యాంటుతో అమెరికా రాజ్యాంగం గురించి జవాబులు చెబుతున్న తనని దైవాశీర్వాదం ఊహించుకున్నాడు. విడిభాగాల షాపుకి ఫోన్ చేస్తే, ఆ లైటు మంగళవారం గాని రాదన్నారు. ఇద్దరూ కలిసి గరాజ్‌లోంచి నీలం టార్పాలిన్ తెచ్చి, ట్రక్కు నెత్తిన కప్పి, తాళ్ళు బిగించారు.

అప్పుడు షాలేం రాజుకి రెండో ఆలోచన వచ్చింది. ఆయన మొదటి ఆలోచనల కంటే రెండో ఆలోచనలే ఎక్కువ ప్రమాదం.

"బ్రదర్, లైట్లు తియ్యలేం. కాబట్టి లైట్లకి తగ్గట్టు బండిని లావు చేద్దాం."

"లావా?"

"మా పాత జీపుకి కొన్న రబ్బరు అంచులు నా వ్యాన్‌లోనే పడున్నాయి. చక్రాల మీద చొక్కా అంచుల్లా బయటికొస్తాయి. అతికించామంటే ఎనభై దాటుతుంది. అప్పుడు లైట్లు ఉండటం చట్టమే!"

దైవాశీర్వాదం మెదడు మామూలుగా ఉన్నట్టయితే ఈ మాటలో తప్పు అక్కడికక్కడే పట్టుకునేది. కానీ రాత్రంతా నిద్రలేదు. ఇద్దరూ చెమటలు కక్కుతూ, రెండు వైపులా అంటుకునే టేపుతో నాలుగు చక్రాల మీదా రబ్బరు అంచులు అతికించారు. కొలిస్తే ఎనభై రెండు. షాలేం రాజు చప్పట్లు కొట్టాడు. చప్పట్లు ఆగాక దైవాశీర్వాదం మెల్లగా అన్నాడు.

"రాజుగారూ, ఇప్పుడు ఐదు లైట్లూ తప్పనిసరి కదా. మన దగ్గరున్నవి నాలుగు."

షాలేం రాజు నిచ్చెన మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

ఈలోగా ఇంట్లో నవోమి తన వంతు సాయం చేసేసింది. కిటికీలోంచి చూస్తే భర్త మొహం పాలిపోయి ఉంది. బండి మీద టార్పాలిన్ ఉంది. షాలేం రాజన్నయ్య అంతటి మనిషి తల పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ చర్చి ప్రార్థన గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది. ప్రార్థన విన్నపంలో ఇంటి గుట్టు విప్పకూడదన్నది అక్కడి మర్యాద. లైటు గురించి రాస్తే నవ్విపోతారని కూడా అనిపించింది. అందుకని ఇలా రాసింది: 'మా వారికి సోమవారం ఇంటర్వ్యూ. ఈలోగా బండి విషయంలో చట్టపరమైన చిక్కొచ్చింది. దయచేసి ప్రార్థించండి. వివరాలు దేవునికి తెలుసు.'

దేవుడికి తెలిసిన వివరాలు మనుషులకి తెలియనప్పుడు మనుషులు ఊరుకోరు. గ్రూపులో మొదట కొన్ని చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. తర్వాత ఒకావిడ, 'చట్టపరమైన చిక్కంటే కేసేనా?' అంది. ఇంకొకావిడ, 'బండి అంటే యాక్సిడెంటే అయి ఉంటుంది, ప్రభువా' అంది. ప్లేనోలో ఉండే ఒకాయన, అవతలివాళ్ళు ప్రాణాలతో ఉన్నారా అని అడిగి, అడిగిన వెంటనే ఆ మెసేజ్ తీసేశాడు. తీసేశాడంటే ఏదో తెలిసే తీసేశాడని అందరికీ ఖాయమైపోయింది. నవోమి ఆ సమయానికి ఫోను ఛార్జింగ్‌కి పెట్టి కూరగాయలు తరుగుతోంది.

దైవాశీర్వాదం ఫోను మోగింది. గ్రూపులోని కబురు అప్పటికే జార్జియా దాకా పాకింది: అల్ఫారెట్టా నుంచి నవోమి పెదనాన్న కూతురు రేణు. ఏడుస్తోంది.

"హలో, ఎవరండీ మాట్లాడేది? మా బావగారిని ఎక్కడ పెట్టారో కాస్త చెప్తారా?"

"నేనేనమ్మా, ఆశీర్వాదాన్ని!"

"బావగారూ! మీకు లోపల ఫోన్ ఇచ్చారా?"

"లోపల ఏంటమ్మా? నేను మా ఇంటి ముందే ఉన్నాను."

"పక్కన ఎవరైనా ఉన్నారా? ఫ్రీగా మాట్లాడలేకపోతే ఒకసారి దగ్గండి. నేను లాయర్ని లైన్‌లోకి తీసుకుంటాను."

అప్పటికే కంగారుగా ఉన్న దైవాశీర్వాదానికి పొలమారింది. ఆపకుండా దగ్గాడు. అవతల రేణు ఘొల్లుమని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం దాటేసరికి కార్లు రావడం మొదలైంది. కష్టంలో ఉన్న ఇంటికి కబురు చెయ్యకుండా వెళ్ళాలి, వట్టి చేతులతో వెళ్ళకూడదు, అది ఆ చర్చివాళ్ళ అలవాటు. కూరల ట్రేలు, పళ్ళు, అన్నం కుక్కర్లు దిగాయి. ఆదివారం ఆరాధనకని ఇస్త్రీ చేసిపెట్టుకున్న తెల్లచీరలే కట్టుకుని అక్కయ్యలంతా వచ్చారు. చివరికి మోహన్ పాస్టరుగారు కూడా వచ్చారు. దైవాశీర్వాదం ఇంటి ముందు నిలబడి ఉండటం చూసి ఆయన కళ్ళు చెమర్చాయి.

"బెయిల్ వచ్చిందా నాయనా?"

"బెయిలేంటి పాస్టరుగారూ? లైటు పోయింది, అంతే!"

"లైటు పోయినా వెలుగు ఆయనే. ధైర్యంగా ఉండు," అని ఆయన అతని భుజం తట్టారు. "ముందు ప్రార్థన చేద్దాం. మాటలు తర్వాత."

"పాస్టరుగారూ, అసలేం జరగలేదండీ..."

"ఏమీ జరగనట్టే జరిపిస్తాడాయన," అంటూ ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకున్నాక మధ్యలో మాట్లాడినవాళ్ళు ఆ చర్చిలో ఇంతవరకూ లేరు.

అందరూ ట్రక్కు చుట్టూ చేరి, దాని మీద చేతులు పెట్టారు. ప్రార్థన మంద్రంగా మొదలై పైస్థాయికి చేరింది. కొందరు అవతలి కుటుంబం కోసం కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థించారు. అవతలి కుటుంబం ఎవరో దైవాశీర్వాదానికి బోధపడలేదు. పర్సిస్ గుంపులోకి తల దూర్చి, "డాడీ, రబ్బర్ కూడా కౌంట్ అవ్వదు! ఫుల్ రూల్ దొరికింది!" అని అరిచింది. ఆ అరుపు నలభై గొంతుల 'ఆమెన్' కింద మునిగిపోయింది.

ఎదురింటి డెబ్రా కిటికీలోంచి చూసింది. పాపం చాలా మంచి మనిషి. వీధి నిండా కార్లు. తెల్లబట్టల్లో జనం. నీలం టార్పాలిన్ కప్పిన ఒక బండి, దాని చుట్టూ ఏడుపులు. టార్పాలిన్ కింద ఏముందోనని ఆమె గుండె తరుక్కుపోయింది. ఆ కుటుంబానికి ఏ సాయం కావాలో కనుక్కోమని పోలీసులకు ఫోన్ చేసింది.

పోలీసు కారు నెమ్మదిగా వచ్చి ఆగింది. పొద్దుటి నుంచీ ఏది రాకూడదని దైవాశీర్వాదం ఇన్ని పాట్లు పడ్డాడో, అది ఇన్ని పాట్ల వల్లే ఇంటి ముందుకొచ్చింది. ప్రార్థన టక్కున ఆగింది. దిగిన ఆఫీసరు పొడుగ్గా, గుబురు మీసాలతో, తీరిగ్గా ఉన్నాడు. అంతా బాగానే ఉందా, ఆ టార్పాలిన్ కింద ఏముంది అని ఇంగ్లీషులో అడిగాడు.

దైవాశీర్వాదం తాడు విప్పి, టార్పాలిన్ తీసి, అడగని సంగతులు కూడా చెప్పడం మొదలుపెట్టాడు. ఐదు లైట్లలో ఒకటి పోయిందనీ, దాన్ని విరిచారనీ, బండి ఒకసారి డెబ్బై తొమ్మిదనీ ఒకసారి ఎనభై ఒకటనీ, రబ్బరుతో లావు చేశామనీ, సోమవారం తనకి ఇంటర్వ్యూ అనీ ఒక్క ఊపిరిలో ఒప్పుకున్నాడు. ఆఫీసరు వంగి రబ్బరు అంచుని వేలితో తాకాడు. అది ఊడి ఆయన బూటు మీద పడింది.

ఆయన నిటారుగా లేచి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ఇంతకీ ఆ లైట్లు ఎందుకు?

అందరూ దైవాశీర్వాదం వైపు చూశారు. నవోమి గుమ్మంలో గరిటెతో నిలబడి ఉంది. రూలు కాబట్టి అని చెబితే, ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు పోలీసుకి అబద్ధం చెప్పినట్టు. నిజం చెబితే, భార్యకి ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పినట్టు. ఈ దేశంలో ఏ ఆఫీసరు ఏ ప్రశ్న అడిగినా, వెనక ఒక కాగితం చూపించి జవాబు చెప్పడమే అతనికి అలవాటు. దీనికి కాగితం లేదు.

"అందంగా ఉంటాయని," అన్నాడు ఇంగ్లీషులో, తలొంచుకుని. "నాకు నచ్చాయి. అంతే. ఇంకే కారణమూ లేదు."

ఆఫీసరు నవ్వి ఏదో చెప్పసాగాడు. వెనకున్న ఆంటీలు "ఏమంటున్నాడమ్మా?" అని పర్సిస్‌ని పొడిచారు. ఆ పిల్ల తనకొచ్చిన తెలుగులో అందరికీ వినబడేలా చెప్పుకుంటూ పోయింది.

"డాడీ ట్రక్ ఎనభై కంటే లోపల ఉంది అంట. మిర్రర్స్, రబ్బర్ కౌంట్ అవ్వవు. నేను మార్నింగ్ నుంచి చెప్తున్నా! సో లైట్స్ మస్ట్ కాదు. పెట్టుకుంటే ఓకే, లేకపోతే ఓకే. ఒకటి పోతే కూడా ఓకే. జస్ట్ స్టైల్ అంట. టికెట్ లేదు."

ఆఫీసరు దైవాశీర్వాదం దగ్గరికి వంగి, గొంతు బాగా తగ్గించి మరో మాట అన్నాడు. పర్సిస్ దాన్ని కూడా అందరికీ వినబడే గొంతుతోనే అందించింది.

"ఆయనకి కూడా ఇంట్లో ట్రక్ మీద సేమ్ లైట్స్ ఉన్నాయంట. వైఫ్‌కి మాత్రం అది రూల్ అని చెప్పాడంట."

నలభై మందీ ఒక్కసారి నవోమి వైపు తిరిగారు. నవోమి గరిటె మెల్లగా కిందికి దించింది.

ఆఫీసరు వెళ్ళబోతూ ఆగి, వీధి వారన ఉన్న వ్యాను ఎవరిదని అడిగాడు. నిప్పంటుకుంటే ఫైరింజను నీళ్ళు పట్టుకునే ఎర్ర పంపుకి సరిగ్గా ఎదురుగా, దాన్ని పూర్తిగా మూసేస్తూ, పొద్దుటి నుంచీ షాలేం రాజు వ్యాను నిలబడి ఉంది. దానికి రూలుందనీ, అది అందం కోసం పెట్టిన రూలు కాదనీ ఆఫీసరు మర్యాదగా చెప్పి, టికెట్ రాసి ఇచ్చాడు. షాలేం రాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయనకి సలహా ఏదీ తోచలేదు.

తెచ్చిన వంటలు అక్కడే తిని, జనం సాయంత్రానికి కదిలారు. యాక్సిడెంట్ కాలేదని తెలిసి సంతోషించారు గాని, ఒకరిద్దరి మొహంలో కాస్త నిరాశ కూడా కనబడింది. అందరూ వెళ్ళాక నవోమి చేతులు తుడుచుకుంటూ వచ్చి ట్రక్కు పక్కన నిలబడింది.

"రూలన్నారు."

"అన్నాను."

"నచ్చాయని చెప్తే నేను వద్దంటానా?"

"ఏమో. నచ్చిందని కొన్న వస్తువు ఇంతవరకూ ఒక్కటీ లేదు కదా. ఎలా చెప్పాలో తెలియలేదు," అన్నాడు అతను.

నవోమి ట్రక్కు తలుపు తెరిచింది. "స్విచ్ వెయ్యండి," అంది. వేశాడు. పొద్దువాలే వేళ మధ్యలో ఊడిన పన్నంత సందుతో నాలుగు లైట్లూ వెలిగాయి. "బాగానే ఉన్నాయి," అంది ఆవిడ. "ఆ ఐదోది కూడా పెట్టించండి. ఇంటర్వ్యూ అయ్యాక." అప్పుడు గాని అతనికి పొద్దుటి నుంచీ కాఫీ తాగలేదని గుర్తు రాలేదు.

సోమవారం ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరమ్మ ఆ ప్రశ్న అడిగింది. అరెస్టు గాని, టికెట్ గాని ఏమైనా ఉన్నాయా? దైవాశీర్వాదం గట్టిగా గాలి పీల్చుకుని "లేదు" అన్నాడు. ఆవిడ తలెత్తకుండానే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. ఇన్ని నెలలు దాచుకున్న 'లేదు' అరక్షణంలో ఖర్చయిపోయింది. పాసయ్యాడు. ఇంటికొచ్చి పప్పన్నం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

చెయ్యి కడుక్కుంటుంటే షాలేం రాజు ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది.

"బ్రదర్, కంగ్రాట్స్. నా టికెట్ గురించి కూడా గ్రూపులో ఒక ప్రార్థన విన్నపం పెడతావా? నేను పెట్టుకుంటే బాగుండదు. కాస్త చూసి రాయి."

దైవాశీర్వాదం టెస్టరు. జరిగిన తప్పు మళ్ళీ జరగనివ్వడు. ఏ అనుమానానికీ తావు లేకుండా, ప్రతి మాటా సరిచూసుకుని రాశాడు: 'షాలేం రాజుగారి కోసం ప్రార్థించండి. ఫైర్ హైడ్రెంట్ ముందు బండి పార్క్ చేసినందుకు టికెట్ వచ్చింది. యాక్సిడెంట్ కాలేదు. అరెస్టు కాలేదు. ఇంట్లో అందరూ క్షేమం. ఇంతకు మించి ఏమీ లేదు.'

ఇన్నిసార్లు ఏమీ లేదని రాశాడంటే విషయం చాలా పెద్దదే అయి ఉంటుందని, సాయంత్రానికి అందరూ కూరల ట్రేలతో షాలేం రాజు ఇంటికి బయలుదేరారు.